దీవి పుట్టుక తెలిస్తే ఎంపిక తేలిక: మన దేశపు ద్వీపాలలో ఎవరు ఎక్కడికి వెళ్లాలి?

మన దేశానికి చెందిన సముద్ర ద్వీపాల సంఖ్య వెయ్యి దాటుతుంది. వాటిలో జనం నివసించేవి తక్కువ. మామూలు ప్రయాణికుడు వెళ్లి రాగలిగేవి ఇంకా తక్కువ. అయినా ద్వీపయాత్ర అనుకోగానే చాలా ఇళ్లలో చర్చ అండమాన్, లక్షద్వీప్ అనే రెండు పేర్ల చుట్టూనే తిరిగి, చివరకు ఫోటోలు చూసుకోవడం దగ్గర ఆగిపోతుంది. ఫోటోలలో రెండు చోట్లా నీరు ఒకే నీలంగా, ఇసుక ఒకే తెలుపుగా కనిపిస్తుంది కనుక వాటిని చూసి నిర్ణయించుకోవడం సాధ్యం కాదు. నేను నమ్మే కొలత వేరు. ఆ నేల ఎలా పుట్టిందో ముందు తెలుసుకోవాలి. మునిగిన కొండల శిఖరాలుగా మిగిలినవి, పగడాలు కట్టినవి, నది మోసుకొచ్చిన ఒండ్రుతో వెలసినవి, ఒడ్డుకు దగ్గరలో రాతి ముక్కలుగా నిలిచినవి అని మన దీవులు ప్రధానంగా నాలుగు రకాలు. ఎత్తు, మంచినీరు, ఓడ ఆగే తీరు, వెళ్లదగిన నెలలు, వృద్ధులకూ పిల్లలకూ కలిగే సౌకర్యం, ఇవన్నీ ఆ పుట్టుకను బట్టే ఉంటాయి.

కొండల వరుస: అండమాన్

మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణి దక్షిణంగా సాగి సముద్రంలోకి దిగిపోతుంది. నీటి అడుగున కొనసాగే ఆ వరుసలో పైకి తేలిన శిఖరాలే అండమాన్, నికోబార్ దీవులు. పాఠ్యపుస్తకాలలో మనం చదువుకున్న సంఖ్య 572. చిన్న దీవులనూ రాతి తిన్నెలనూ కలుపుకొన్న అధికారిక లెక్క 836. మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ సుమారు 732 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఇవి కొండలు కనుకనే ఇక్కడ వాగులున్నాయి, దట్టమైన అడవులున్నాయి, పెద్ద ఓడలు నేరుగా వచ్చి ఆగగల లోతైన రేవులున్నాయి. తీరం నుండి పది నిమిషాలు నడిస్తే అడవిలోకి చేరుకోగల దీవులు మన దేశంలో ఇంత పెద్ద సంఖ్యలో మరెక్కడా లేవు. కొండ, అడవి, సముద్రం మూడూ ఒకే ప్రయాణంలో కావాలనుకునే వారికి ఇంతకంటే మంచి చోటును నేను చెప్పలేను.

అయితే ఈ కొండలు ఇంకా కదులుతున్న నేల మీద ఉన్నాయి. ఇండియా భూఫలకం తూర్పున మరొక భూఫలకం కిందికి దూరిపోయే అంచు ఇక్కడే ఉంది. 2004 డిసెంబరు 26న వచ్చిన పెను భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ దీపస్తంభం దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోగా, అదే భూకంపానికి ఉత్తర అండమాన్ ప్రాంతంలో నేల పైకి లేచి, అంతవరకూ నీటిలో ఉన్న పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. దీవుల భూగోళాన్ని చదువుకునే విద్యార్థికి ఒకే సంఘటనలో ఒక కొస మునిగి మరో కొస తేలిన ఈ ఉదాహరణ కంటే స్పష్టమైన పాఠం దొరకదు. మన దేశంలో ఏకైక క్రియాశీల అగ్నిపర్వతమైన బ్యారెన్ దీవి కూడా ఈ వరుసకు తూర్పునే ఉంది. 1787లో దాని విస్ఫోటం మొదటిసారి నమోదయింది. ఆ తరువాత చాలాకాలం నిద్రాణంగా ఉండి 1991లో మళ్లీ మేల్కొన్నది. దానిని దూరం నుండి ఓడ మీద చూడవలసిందే గాని దీవి మీద దిగడానికి వీలుండదు. బారాటాంగ్ దీవిలో బురదను ఉబికించే బురద అగ్నిపర్వతాలను మాత్రం దగ్గరగా చూడవచ్చు.

ప్రయాణం విషయానికి వస్తే, 2024 నుండి శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై నుండి విమానంలో రెండు గంటలకు కాస్త పైగా పడుతుంది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుండి నడిచే ప్రయాణికుల ఓడలలో రెండున్నర రోజులో ఇంకా ఎక్కువో పడుతుంది. ఓడ ప్రయాణం సముద్రాన్ని అనుభవించదలచిన వారికి మాత్రమే చెప్పదగినది. నాలుగు రోజుల సెలవు పెట్టుకున్న ఉద్యోగికి కాదు. చేరుకున్నాక కూడా ఒకే దీవిలో ఉండిపోవడం అరుదు. స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హ్యావ్‌లాక్, షహీద్ ద్వీప్‌గా మారిన నీల్, ఉత్తరాన డిగ్లీపూర్, ఇలా ఒకచోటి నుండి మరొకచోటికి లాంచీల మీదనో రోడ్డు మీదనో తిరగవలసి ఉంటుంది. అందువలన ఆరు రోజులకు తక్కువైతే అండమాన్ పెట్టుకోవద్దని నా సలహా. ఇక్కడ సూర్యోదయం చాలా ముందుగా అవుతుంది. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది. గడియారం మన ఊళ్లదే అయినా దీవులు చాలా తూర్పున ఉండడమే దీనికి కారణం. తెల్లవారుజామున బయలుదేరే అలవాటు లేని కుటుంబం ఇక్కడ ప్రతిరోజూ సగం పగలు పోగొట్టుకుంటుంది.

ఈ దీవులకు నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ వర్షం ఇస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందుచేత జనవరి నుండి ఏప్రిల్ మధ్య వరకూ ఉన్న కాలమే నిశ్చింతగా తిరగదగినది. తెలుగువారికి ఇక్కడ మరొక సౌకర్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపుల నుండి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అనేకం ఉన్నాయి. హిందీ రాని తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బారాటాంగ్ వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు బృందంగా, ఆగకుండా వెళ్లాలి. ఫోటోలు తీయడం నేరం. ఆ అడవి వారి ఇల్లు, దారిన పోయేవారికి వేడుక కాదు. వారిని చూడవచ్చునని ఆశపెట్టే ఏజెంటును అక్కడికక్కడే వదులుకోవాలి. అండమాన్‌నూ నికోబార్‌నూ వేరుచేసే టెన్ డిగ్రీ ఛానల్ అనే సముద్రపు పాయకు దక్షిణాన ఉన్న నికోబార్ దీవులు సాధారణ పర్యాటకులకు తెరచి లేవు కనుక, ఎంత ఆసక్తి ఉన్నా వాటిని ఎంపికల జాబితాలో నుండి తీసివేయవలసిందే.

పగడాలు కట్టిన నేల: లక్షద్వీప్

అండమాన్‌తో పోల్చినప్పుడు లక్షద్వీప్ పరిమాణం నమ్మలేనంత చిన్నది. ముప్పై ఆరు దీవులుగా లెక్కించే ఈ సమూహపు మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. జనం ఉన్న దీవులు పది. కాని పగడపు గట్ల లోపల ఉన్న మడుగుల విస్తీర్ణం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. నేల కంటే వంద రెట్లకు పైగా విస్తరించిన ఆ మడుగులే లక్షద్వీప్. నేల దాని అంచు మాత్రమే. అక్కడికి వెళ్లి నేల మీద చూడవలసినవి ఏమున్నాయని అడిగేవారు నిరాశపడడానికి కారణం ఇదే.

సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు లక్షల లక్షల సంవత్సరాలుగా నెమ్మదిగా కుంగిపోతూ ఉంటే, వాటి అంచులను పట్టుకొని పెరిగే పగడాలు వెలుతురు కోసం పైకి పైకి కడుతూ వచ్చాయని, కొండ పూర్తిగా మునిగిపోయాక ఉంగరంలాంటి గట్టు మాత్రం మిగిలిందని పందొమ్మిదవ శతాబ్దంలో డార్విన్ చెప్పిన వివరణ ఇటువంటి దీవులకు వర్తిస్తుంది. ఆ గట్టు మీద విరిగిన పగడపు ముక్కలూ ఇసుకా పేరుకొని దీవి అయింది. కనుక ఇక్కడ కొండ ఉండదు, వాగు ఉండదు, నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ బావులకు అందుతుంది. ఎక్కువగా తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. 2005లో లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నెలకొల్పిన ప్లాంటు, పైనున్న వెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుండి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరు చేస్తుంది. హోటల్ గదిలో కుళాయి తిప్పేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ఈ దీవులకు వెళ్లేవారు నీటిని ఇంట్లో కంటే పొదుపుగా వాడాలి.

చాలా దీవులు గట్టుకు తూర్పు వైపున, మడుగు పడమటి వైపున ఉంటాయి. అరేబియా సముద్రపు అలలు పడమటి గట్టు మీదనే విరిగిపోవడం వలన లోపలి మడుగు మోకాలి లోతు నుండి మెడ లోతు వరకు నిశ్చలంగా ఉంటుంది. ఈత కొత్తగా నేర్చుకునే పిల్లలకు, నీటి అడుగున పగడాలను మొదటిసారి చూడదలచిన పెద్దలకు ఇది అండమాన్ కంటే అనుకూలమని నా అభిప్రాయం. అండమాన్ తీరాలలో అలలు, ప్రవాహాలు చోటుచోటుకూ మారుతాయి. కొన్నిచోట్ల మొసళ్ల హెచ్చరికలూ ఉంటాయి.

కాని అదే మడుగు వృద్ధులకు ఇబ్బంది. మడుగు లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడ లోపలికి రాలేదు. చాలాచోట్ల ప్రయాణికులు సముద్రంలోనే ఓడ నుండి చిన్న పడవలోకి దిగవలసి వస్తుంది. కదిలే ఓడ తలుపు నుండి ఊగే పడవలోకి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్న వారికి భయం కలిగించే పని. పెద్దవారితో వెళ్లేవారు కొచ్చి నుండి అగత్తికి చిన్న విమానంలో వెళ్లడం మంచిది. విమానం దిగే ఆ సన్నని దీవికి రెండు వైపులా నీరే కనిపిస్తుంది.

ఇక్కడికి భారతీయులకు కూడా ప్రవేశ అనుమతి తప్పనిసరి. అనుమతి చేతికి రాకముందు టిక్కెట్లు కొనడం తగదు. వెళ్లదగిన కాలం అక్టోబరు నుండి మే మొదటి వారాల వరకు. నైరుతి ఋతుపవనం మొదలయ్యాక ఓడల రాకపోకలు బాగా తగ్గుతాయి. భోజనంలో చేప, కొబ్బరి ప్రధానం. శాకాహారులు ముందే మాట్లాడుకోవాలి. నైన్ డిగ్రీ ఛానల్ అనే సముద్రపు పాయకు అవతల ఒంటరిగా ఉన్న మినికాయ్‌కి వెళ్లే అవకాశం దొరికితే మరో ఆలోచన లేకుండా దానినే ఎంచుకోవాలని చెబుతాను. తక్కిన దీవులలో మలయాళానికి దగ్గరైన భాష వినిపిస్తే, అక్కడ మాల్దీవుల భాషకు చెందిన మహల్ వినిపిస్తుంది. గాలాలతో ఒక్కొక్కటిగా ట్యూనా చేపలను పట్టే పద్ధతి, 1885లో కట్టిన దీపస్తంభం, ఊరి పేటల ఏర్పాటు, ఇవన్నీ ఆ దీవిని వేరొక లోకంగా నిలుపుతాయి.

ఈ దీవుల విషయంలో నాకు దిగులు కలిగించే మాట ఒకటుంది. 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో సముద్రం మితిమీరి వేడెక్కడంతో ఇక్కడి పగడాలు పెద్దఎత్తున తెల్లబడిపోయాయి. పగడం చస్తే గట్టు అరిగిపోతుంది. గట్టు అరిగితే అల నేరుగా నేలను తాకుతుంది. బంగారం అనే పేరున్న దీవి దగ్గర పరలి అనే చిన్న దీవి ఇప్పటికే కోతకు గురై మాయమయింది. అందుచేత పగడాల మీద నిలబడి ఫోటో దిగేవారిని, ముక్క విరిచి జేబులో వేసుకునేవారిని నేను క్షమించలేను.

నది కట్టిన లంకలు

దీవి అన్న మాటకు తెలుగులో లంక అనే సొంత మాట ఉండడం ఊరికే కాదు. గోదావరి, కృష్ణ తమ పాయల మధ్య, సముద్రపు మొగల దగ్గర ఒండ్రును వదిలి కట్టిన నేలలు మన కళ్లెదుటే ఉన్నాయి. వేల రూపాయలు పెట్టి దూరదేశపు దీవులకు వెళ్లేవారిలో చాలామంది వీటిని ఒక్కసారి కూడా చూడలేదన్నది నా బాధ.

కాకినాడకు ఎదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతో, గడిచిన రెండు వందల ఏళ్ల లోపల ఏర్పడినది. తూర్పు తీరం వెంట సముద్రం ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి నెడుతూ ఉంటుంది కనుక ఆ తిన్నె ఉత్తరం వైపు పెరుగుతూ వచ్చింది. తుఫాను అలలను ముందుగా అదే తట్టుకుంటున్నందువలన కాకినాడ రేవుకు ఎదుట నీరు నిలకడగా ఉంటుంది. కోరంగి మడ అడవులతో కలిపి ఒక రోజులో చూడగలిగిన ఈ యాత్రలో నది, మడ, ఇసుక, సముద్రం వరుసగా అర్థమవుతాయి. పడవ దొరకడం అలలను బట్టి, అటవీశాఖ అనుమతిని బట్టి ఉంటుంది కనుక వెళ్లేముందు కనుక్కోవాలి. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టడానికి వస్తాయి; ఆ నెలలలో చీకటిపడ్డాక తీరం మీద దీపాలు వేయకూడదు.

కృష్ణ చివరన నాగాయలంక నుండి వెళ్లే ఎదురుమొండి వంటి లంకలలో పర్యాటక ఏర్పాట్లు ఏమీ ఉండవు. కాని నది దాటించే పడవ మీద మోటారు సైకిలు, గేదె, పాలక్యాను, బడిపిల్లలు పక్కపక్కన నిలబడే దృశ్యం ద్వీపజీవనాన్ని ఏ రిసార్టు కన్నా నిజాయితీగా చూపుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. లంక నేల ఎంత పల్లమో చెప్పడానికి ఆ ఒక్క తేదీ చాలు. ఒండ్రు దీవులకు అక్టోబరు, నవంబరు నెలలలోనూ, మే నెలలోనూ వెళ్లవద్దని నేను చెప్పడం అందుకే.

ఇదే రకపు దీవులను అతి పెద్ద ప్రమాణంలో చూడాలంటే సుందరబనాలకు వెళ్లాలి. మన దేశపు భాగంలో 102 దీవులు ఉండగా వాటిలో 54 దీవులలో జనం ఉన్నారు. మట్టి కట్టలు లేకపోతే పోటు నీరు పొలాలలోకి వచ్చే నేల అది. మకర సంక్రాంతికి గంగాసాగర్ వెళ్లే తెలుగు యాత్రికులు నిజానికి ఇటువంటి ఒక దీవి మీదనే స్నానం చేస్తున్నారు. అక్కడి కపిలముని ఆలయం సముద్రపు కోత వలన ఒకటికి మించిన సార్లు వెనక్కు జరిగినది. యాత్రను సంక్రాంతి రద్దీలో కాక డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో పెట్టుకుంటే ఆ తీరం ఎలా తరిగిపోతున్నదో కూడా చూడగలుగుతారు.

ఒడ్డు దగ్గరి దీవులు

కర్ణాటకలో ఉడుపి దగ్గర మల్పె నుండి అరగంటలో చేరే సెయింట్ మేరీస్ దీవులు భూమి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి కానుక. సుమారు 8.8 కోట్ల ఏళ్ల క్రితం, మడగాస్కర్ మన నేల నుండి విడిపోయే కాలంలో పైకి వచ్చిన లావా చల్లారుతూ పగిలి, చెక్కినట్టున్న అయిదారు పలకల స్తంభాలుగా నిలిచింది. వానాకాలంలో పడవలు నిలిపివేస్తారు. రెండు మూడు గంటల కంటే అక్కడ గడపడానికి ఏమీ లేదు కనుక దీనిని ఉడుపి యాత్రలో భాగంగానే చూడాలి. గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గర నరారా వద్ద, పాటు సమయంలో నీరు వెనక్కు తగ్గినప్పుడు, ఈత రానివారు కూడా కాలినడకన సముద్రజీవులను చూడవచ్చు. రామేశ్వరం గురించి వేరుగా చెప్పనవసరం లేదు. వంతెన ఉండడం వలన నడవలేని పెద్దలను కూడా తీసుకువెళ్లగల దీవి అది. 1964 డిసెంబరు తుఫానులో నాశనమైన ధనుష్కోటి వరకు వెళితే రెండు సముద్రాలను ఒకేచోట చూడవచ్చు.

ఎవరికి ఏది

ఇంటిల్లిపాదీ మొదటిసారి ద్వీపయాత్రకు బయలుదేరుతూ, వారం రోజుల సమయం ఉంటే అండమాన్. పిల్లలు నీటిని ఇష్టపడేవారై, పెద్దలకు అనుమతుల కోసం ఎదురుచూసే ఓపిక ఉంటే లక్షద్వీప్. రోజుకొక కొత్త చోటు కావాలనేవారు అక్కడ మూడవ రోజుకే విసిగిపోతారు. అస్తమయం చూడాలన్న కోరిక ఉన్నవారికి పడమటి దీవులలో, అండమాన్‌తో పోలిస్తే, గడియారం లెక్కన దాదాపు గంటా ఇరవై నిమిషాల ఎక్కువ సాయంత్రం దొరుకుతుంది. డబ్బు, సెలవు రెండూ తక్కువైతే, భూగోళం చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే, నిస్సంకోచంగా కాకినాడ వెళ్లమంటాను. దీవి పెరుగుతూ ఉండగా చూడడం అండమాన్‌లోనూ లక్షద్వీప్‌లోనూ అంత సులువుగా కుదరదు.

ఏర్పాట్ల వరుస కూడా దీవిని బట్టి మారుతుంది. అండమాన్‌కు ముందు విమానం, వెంటనే దీవుల మధ్య లాంచీ టిక్కెట్లు, ఆ తరువాత బస చూసుకోవాలి. చివరి రోజు మాత్రం శ్రీ విజయపురంలోనే ఉండాలి, ఎందుకంటే గాలివాన వచ్చి లాంచీ ఆగిపోతే విమానం తప్పిపోతుంది. లక్షద్వీప్‌కు ముందు అనుమతి, తరువాత ఓడ లేక విమానం, ఆ రెండూ ఖాయమయ్యాకనే కొచ్చి వరకు రైలు. లంకలకు, గంగాసాగర్‌కు, నరారాకు టిక్కెట్ల కంటే ముందు ఆనాటి పోటు, పాటు వేళలను కనుక్కోవాలి. సాగర్ దీవికి దాటించే లాంచీ నీరు తగ్గిన వేళ గంటల తరబడి ఒడ్డుననే ఆగిపోతుంది. నరారాలో అదే వేళకు నడక మొదలుపెట్టాలి.